పదివేల దండులో మరాల్

వసంతం మొదట్లో వచ్చే నౌరిజ్ పండగ వారంలో, కరగండలోని మైకుదుక్ పేటలో ఒక స్కూలు ఆవరణలో మేము ప్రదర్శన ఇస్తున్నాం. మంచు కరిగి నేలంతా నల్ల బురద. పిల్లలు గోడ వారగా బెంచీలెక్కి నిలబడ్డారు. మా నాయకుడు ఆర్తుర్ గెర్బెర్ ఇనుప రేకుల కవచం తొడుక్కుని, గుర్రపు తోక కట్టిన కర్రను పైకెత్తి, పదమూడో శతాబ్దపు మంగోల్ సేనాపతిలాగా ఒక్క గర్జన గర్జించాడు.

"బయర్తై!"

వెనక గేటు దగ్గర ఎవరో ఆడమనిషి పగలబడి నవ్వింది. క్యాంటీన్‌కి రొట్టెల ట్రేలు దించుతున్న బేకరీ వ్యాను డ్రైవరు ఆమె. ట్రే ఒకటి పొట్టకు ఆనించుకుని, కళ్ల వెంట నీళ్లు వచ్చేలా నవ్వుతోంది. పిల్లలంతా మమ్మల్ని వదిలేసి ఆమె వైపు తిరిగారు. ఆర్తుర్ మొహం ఎర్రబడింది.

"ఏమ్మా, అంత నవ్వొచ్చే పని ఏం చేశాం?"

"ఏం లేదన్నా. వచ్చీ రాగానే 'వెళ్లొస్తాం' అంటున్నారేంటా అని."

ఆర్తుర్‌కి అర్థం కాలేదు. ఆమె ట్రే కింద పెట్టి, చేతులు దులుపుకుని చెప్పింది. "బయర్తై అంటే సెలవు తీసుకోవడం. పలకరించాలంటే 'సైన్ బైన ఊ' అనాలి. యుద్ధానికొచ్చిన సేనాపతి అందరికీ టాటా చెబితే ఎట్లా?"

పిల్లలు గొల్లుమన్నారు. ఆర్తుర్ కర్ర దించేశాడు. ఇంకొకడైతే చిన్నబుచ్చుకునేవాడే. అతను మాత్రం బురదలో తప్పటడుగులు వేసుకుంటూ కవచంతో సహా ఆమె దగ్గరికి పరుగెత్తాడు. "నీకు మంగోల్ భాష వచ్చా? ఎక్కడ నేర్చుకున్నావ్?"

ఆమె నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఆ ప్రశ్నకు భయపడ్డట్టు అటూ ఇటూ చూసి, "అక్కడే పుట్టాను" అని మెల్లగా అంది.

ఆమే మరాల్. అప్పటికి ముప్పై నాలుగేళ్లుంటాయి.

పాతకాలపు యోధుల వేషాలు కట్టి చూపించే మా దండు పేరు తుమెన్. పాత మంగోల్ సైన్యంలో తుమెన్ అంటే పదివేల మంది. మేమందరం కలిసి ఒక మినీబస్సు నిండితే గొప్ప. ఆర్తుర్ పగలు పళ్లు కట్టే పని చేస్తాడు, సాయంత్రాలు గారేజీలో కవచం రేకులు కొడతాడు. నేను నాటకాల బట్టలు కుట్టే దాన్ని, గలియా నా పేరు. ఏదో ఒక కోటు కుట్టిపెట్టమని వచ్చి నన్నూ దండులో కలిపేసుకున్నారు. సాకెన్ కజకుడు, టాక్సీ నడుపుతాడు, నోరు ఊరుకోదు. మొదట్లో వీళ్లంతా పడమటి దేశాల యోధుల వేషాలు వేసేవాళ్లు, బొగ్గు బక్కెట్లలాంటి ఇనుప టోపీలతో. ఒకసారి ఆర్తుర్ ఏదో మ్యూజియంలో తవ్వకాల్లో బయటపడిన మంగోల్ కవచం ముక్క చూసి వచ్చాడు. అంతే, టోపీలన్నీ గారేజీ మూలకు చేరాయి. ఇక విల్లులు, గుడారాలు, తోలు తాళ్లు, పులిసిన గుర్రపు పాల వాసన.

సాకెన్‌కి మాత్రం ఒకటే పట్టు. "మంగోలులు మంగోలులు అంటావేంటి ఆర్తుర్? వాళ్లంతా మా వాళ్లే. నైమాన్, కెరెయ్, జలాయిర్, ఇవన్నీ మా తెగల పేర్లు కావా?"

"సరే, మీ తాతలేలే. మీ తాతల బూట్లకి బురదంటింది, తీసుకెళ్లి తుడుచుకో" అనేవాడు ఆర్తుర్.

ఆ శనివారం మరాల్ వచ్చింది. మూతబడిన స్కూలు వెనక పాత బాయిలర్ గది మా సాధన చోటు. అందరూ ఆమె చుట్టూ మూగారు. ఆమె కూర్చోలేదు. చేతిలో టీ కప్పుతో ఆ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే జవాబులు చెప్పింది. విల్లు పట్టుకుని చూసింది, పెట్టేసింది. శిరస్త్రాణం తీసి వాసన చూసింది, పెట్టేసింది. కిటికీ దగ్గరికి వెళ్లి వ్యాను ఉందా లేదా అని చూసుకుంది.

మనిషి స్వభావమే అంత. తర్వాత మా ఇంటికి రావడం మొదలుపెట్టాక నాకు బాగా తెలిసింది. బూట్లు విప్పదు. కుర్చీ చివరన కూర్చుని కుడికాలు ఊపుతూనే ఉంటుంది.

"ఆ కాలికి నా కుట్టు మిషను తగిలించవే తల్లీ, కరెంటు ఖర్చన్నా మిగులుతుంది" అనేదాన్ని.

"నా కాలు నా మాట వినదక్కా" అనేది.

అప్పటికే ఆమె ఇటుకల ఫ్యాక్టరీలో క్రేను నడిపింది, పెట్రోలు బంకులో చేసింది, బస్సు కండక్టరుగా తిరిగింది. ఏదీ ఏడాది దాటలేదు. ఎవరూ తీసేయలేదు, తనే మానేసేది. అద్దెగదులూ అంతే. ఒకతన్ని పెళ్లాడింది, అతను మంచివాడే, ఆమె చెప్పిందే నేను చెబుతున్నాను. "పొద్దున్నే లేస్తే అదే గోడ, అదే క్యాలెండరు. నాకు ఊపిరాడలేదక్కా" అంది. విడిపోయాక కూడా ఆ అబ్బాయి ఆమెకు పుట్టినరోజున ఫోను చేస్తాడు.

ఆమె కజకుల పిల్లే. కాకపోతే మంగోలియాలోని ఉల్గీ పట్నంలో పుట్టింది. ఆ జిల్లా నిండా కజకులే. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు, కజకుల సొంత దేశం పిలుస్తోందని తండ్రి సామానంతా లారీకెక్కించి కరగండకు తెచ్చాడు. ఇక్కడి స్కూల్లో అంతా రష్యన్, ఆమెకు అది రాదు. పిల్లలు 'మంగోల్' అని పిలిచారు. ఆ మాట తిట్టుగా ఎలా పలకాలో ఇక్కడి పిల్లలకు బాగా తెలుసు. రెండేళ్లు తిరిగేసరికి ఆమె రష్యన్‌ని ఇక్కడి వాళ్లకంటే ఇక్కడిదానిలా నేర్చుకుంది. ఉల్గీ పేరు నోటివెంట రానివ్వలేదు. తండ్రి పోయాక తల్లి కాబిరా బజారులో ఉన్ని మేజోళ్లు అమ్ముకుంటూ ఉండిపోయింది. ఆ ఇంట్లో మంగోల్ మాట వినపడకూడదు.

"అక్కడున్నప్పుడు మనం కజకులం, ఇక్కడికొస్తే మంగోలులం. ఎక్కడికెళ్తే మనం మనం అవుతామో ఆ దేవుడికే తెలియాలి" అనేదట తల్లి.

అలాంటి మనిషికి ఒక బాయిలర్ గదిలో జనం కుర్చీ వేసి, 'మా మంగోల్ అమ్మాయి' అని మురిసిపోతూ టీ పోసిస్తుంటే ఎలా ఉంటుంది? నాకు ఇప్పటికీ ఆమె ఆ రోజు మొహం గుర్తుంది. ఎవరో దొంగసొత్తు తన చేతిలో పెట్టినట్టు చూసింది.

చిక్కు అక్కడే మొదలైంది. ఆర్తుర్‌కి ప్రశ్నలు ఆగవు. గుడారంలోకి ఎలా వెళ్లాలి, ఎటు తిరగాలి, నిప్పు దగ్గర ఏం చేయకూడదు. మరాల్ తెలిసింది చెప్పేది. గడప తొక్కకూడదు. సూర్యుడు తిరిగే వైపే తిరగాలి. నిప్పు మీద నీళ్లు పోయకూడదు.

ఆర్తుర్ నిరాశగా తలూపేవాడు. "అది నాకు తెలుసు. పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది చెప్పు మరాల్. మీ ఇంట్లో, మీ తాతలు చేసింది."

ఇలా మూడు నాలుగు శనివారాలు గడిచాయి. ఆమె చెప్పిందల్లా అతని పుస్తకాల్లో ఉంది. ఆమె మొహంలో కంగారు పెరగడం నేను చూస్తూనే ఉన్నాను, పరీక్షలో సున్నా వస్తున్న పిల్లలా. ఒక రోజు ఉన్నట్టుండి, తిరుగుతున్నదల్లా ఆగి అంది.

"మా తాత ఒకటి చేసేవాడు. గుడారంలోకి వెళ్లేముందు ఎడమ బూటు మడమ మీద రెండు వేళ్లతో తట్టేవాడు. దారిలో వెంటబడి వచ్చిన చెడ్డగాలి బయటే ఉండిపోతుందట."

ఆర్తుర్ కళ్లు మెరిశాయి. "ఇది! ఇదిగో, ఇది ఎక్కడా చదవలేదు నేను!"

అక్కడికక్కడే అందరం తలుపు దగ్గర వరస కట్టి బూట్లు తట్టుకుని లోపలికొచ్చాం. సాకెన్ ఒంటికాలి మీద నిలబడలేక నా మీద పడ్డాడు. ఆ వారం నుంచి ప్రతి ప్రదర్శనలోనూ అది చేశాం. స్కూళ్లలో పిల్లలకు మిగతావేమీ గుర్తుండేవి కావు, అదొక్కటి పట్టేసుకున్నారు. గుడారం ముందు కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి తట్టుకుంటూ లోపలికి దూరేవాళ్లు.

తర్వాత ఇంకొన్ని వచ్చాయి. వింటినారిని మొదటిసారి లాగేముందు దాని మీద ఊపిరి వదలడం. కొత్త గుర్రానికి మొదట చిన్నపిల్ల పేరు పెట్టి పిలవడం. అన్నీ అందంగా ఉండేవి. చెప్పిన ప్రతిసారీ ఆమె ఆ వారమంతా ఏ పనీ కుదురుగా చేసేది కాదు. బేకరీ మానేసింది. ఒక మందుల గోడౌన్లో చేరి, అదీ మానేసింది. శనివారాలు మాత్రం మానలేదు. విలువిద్యలో ఆమెకు ఏమీ రాలేదు. నారి తగిలి ముంజేయంతా నల్లగా కమిలిపోయేది, బాణం గోడకంటే ముందే కింద పడేది. "మంగోల్ రక్తం ఎక్కడ దాక్కుందే?" అని సాకెన్ ఏడిపిస్తే, "నీ మీద గురి పెట్టినప్పుడు బయటికొస్తుందిలే" అనేది. అయినా సాధన అయిపోయేదాకా ఉండేది.

ఒకసారి అడిగాను. "ఆ బూటు సంగతి నిజమేనా?"

"నిజమేనక్కా" అంది. నా ప్రశ్న ఇంకా పూర్తవకముందే అంది.

వేసవి మొదట్లో ఒకరోజు కాబిరా నేరుగా మా వర్క్‌షాపుకి వచ్చింది. బజారు నుంచి వస్తున్నట్టుంది, చంకలో మేజోళ్ల సంచి. నేను కుట్టి వేలాడదీసిన మంగోల్ అంగీల వైపు వేలు చూపించి, "ఇదేనా మీ నాటకం?" అంది.

"కూర్చోండి పిన్నీ, టీ తాగుదురు గాని."

"టీ తాగడానికి రాలేదు. మా వాకిట్లో పిల్లలు గుమ్మాల దగ్గర ఒంటికాలి మీద గెంతుతున్నారు. ఏంట్రా ఇది అంటే, మంగోల్ పద్ధతి అంట, మా మరాల్ వాళ్ల తాత చెప్పాడంట. మా మామగారా? ఆయన చెప్పాడా?"

"అలాగే చెప్పింది మరాల్."

ఆవిడ సంచి బల్ల మీద పడేసింది. "ఆయనకి ఎడమ కాలే లేదమ్మా! పెళ్లి కాకముందే గని బండి కింద పడి మోకాలి దాకా పోయింది. ఏ బూటు తట్టుకునేవాడంట?"

నాకు నవ్వాగలేదు. ఆవిడ నావైపు గుర్రుగా చూసింది. చూసి చూసి, తనకూ పెదవి మూల వణికింది. మరుక్షణం మళ్లీ మొహం బిగించుకుంది. "నవ్వులాట కాదు. ఇరవై ఏళ్లుగా ఆ ముద్ర చెరుపుకోవాలని చచ్చాం. ఇది పోయి దాన్ని మళ్లీ నుదుటి మీద రాసుకుని ఊరేగుతోంది. అదీ అబద్ధపు ముద్ర!"

మరాల్ వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాను. ఆమె తెల్లబోయింది. గదిలో అటూ ఇటూ తిరిగింది. "చెప్పేస్తానక్కా. ఆర్తుర్ అన్నకి నేనే చెబుతాను. ఈ వేసవి క్యాంపు అయిపోనీ."

మరుసటి శనివారమే ఆర్తుర్ కవచం తొడుక్కోకుండానే వచ్చి, చేతులు రెండూ పైకెత్తి ప్రకటించాడు. కర్కరలీ కొండల దగ్గర మా క్యాంపుకి మంగోలియా నుంచి అతిథులు వస్తున్నారు. ఉల్గీకి పొరుగున ఉన్న హొవ్ద్‌లో పాతకాలపు వేషధారణ బృందాన్ని నడిపే దులంసురెన్ అనే ఆవిడ, ఆమె భర్త గొంబొ. సొంత వ్యానులో అల్తాయ్ కొండలు దాటి వస్తున్నారు. "అసలు మంగోలులు! మన గుడారంలో! మరాల్, మాటలన్నీ నీవే, నువ్వే దుబాసీవి!"

అందరూ చప్పట్లు కొట్టారు. మరాల్ కూడా కొట్టింది. ఆమె చేతులు కలుస్తున్నాయి గాని చప్పుడు రావడం లేదు.

క్యాంపుకు ముందురోజు పొద్దున ఆమె సంచి భుజాన వేసుకుని మా ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "అల్మతీలో మా పిన్ని కూతురుంది. అక్కడ ఏదో ఒక పని దొరుకుతుంది. ఆర్తుర్ అన్నకి నువ్వే చెప్పు" అంది.

"నేనెందుకు చెప్తాను? నీ నోరు నీ దగ్గరే ఉందిగా."

"అక్కా, నన్ను తిట్టు. కానీ ఆపకు."

ఆపలేదు నేను. వెళ్లింది. మధ్యాహ్నం నేను సామాను సర్దుతుంటే మళ్లీ తలుపు చప్పుడు. అదే సంచి, అదే బూట్లు.

"బస్సు రాలేదా?"

"వచ్చింది. ఎక్కాను. పక్క సీటాయన ఊరికే మాట కలిపాడు. 'ఎక్కడి అమ్మాయివి?' అన్నాడు. నోట్లోంచి ఏ ఊరి పేరూ రాలేదక్కా. ఒక్క ఊరు కూడా. దిగిపోయాను."

ఆ రోజు మొదటిసారి ఆమె మా ఇంట్లో బూట్లు విప్పింది. మేజోళ్లకు బొటనవేళ్ల దగ్గర చిల్లులు. సూదీదారం ఇచ్చాను.

కర్కరలీలో దేవదారు చెట్ల కింద, చెరువు ఒడ్డున మా గుడారాలు వేశాం. దులంసురెన్ వ్యాను దిగగానే మా పెద్ద గుడారం చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. పొట్టి మనిషి, యాభై దాటినావిడ, ఊళ్లో పశువుల డాక్టరు. ఒక తాడు లాగి చూసింది, ఒక ముడి చూసి నాలుక చప్పరించింది. గొంబొ నడుం పట్టుకుని, వ్యాను బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాడు. దారిలోని గుంతలు అతని వెన్ను విరిచేశాయట.

ఆర్తుర్ అందరినీ వరసలో నిలబెట్టాడు. అతిథుల ముందు ఒక్కొక్కరం గుమ్మం దగ్గర ఆగి, ఎడమ మడమ తట్టుకుని లోపలికి వెళ్లాం. దులంసురెన్ కళ్లు చిట్లించింది. మరాల్ వైపు తిరిగి ఏదో అడిగింది.

ఆ తర్వాత జరిగింది మాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత మరాల్ చెబితే మాటకు మాట తెలిసింది.

"వీళ్లు ఆ కాళ్లు ఎందుకు తట్టుకుంటున్నారు?" అని దులంసురెన్ అడిగింది.

మంగోల్ భాషలో మరాల్ అంది, "ఇది ఇక్కడి కజకుల అలవాటండీ."

ఆర్తుర్ ఆత్రంగా, "ఏమంటోంది? ఏమంటోంది?"

రష్యన్‌లో మరాల్ అంది, "వాళ్ల ఊళ్లోనూ పాతవాళ్లు ఇలాగే చేసేవారట."

ఆర్తుర్ మొహం వెలిగిపోయింది. "చూశావా సాకెన్! హొవ్ద్ దాకా ఉంది! అడుగు మరాల్, ఏ తెగ వాళ్లు చేస్తారో అడుగు!"

ఆమె దులంసురెన్‌ని ఇంకేదో అడిగింది, దారి ఎలా ఉందని. దులంసురెన్ దారి గురించి చాలాసేపు చెప్పింది. అదంతా తెగల సంగతిగా మారి ఆర్తుర్ చెవిలో పడింది. అతను తలూపుతూ విన్నాడు. అటువైపు దులంసురెన్‌కి ఈ కజకుల అలవాటు తెగ నచ్చేసింది. ఫోను తీసి భర్త చేతికిచ్చి, "తియ్యి, తియ్యి. మన పక్కనే ఉన్న కజకులకి ఇది ఎందుకు లేదో కనుక్కుంటాను. మన బృందం వాళ్లకి చూపించాలి, టీవీ వాళ్లకి కూడా పంపిస్తాను" అంది. మమ్మల్ని మళ్లీ వరసలో నిలబడమని సైగ చేసింది. ఆర్తుర్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గొంబొ నడుం నొప్పితోనే ఫోను ఎత్తిపట్టుకున్నాడు. సాకెన్ కొంగలా కాలెత్తాడు.

మరాల్ ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. తను ఏది చెబితే అదే అటు నిజం, ఇటు నిజం. ఆమె అబద్ధమాడుతోందని తేల్చేవాళ్లు ఆ ఒడ్డున ఒక్కరూ లేరు, నేను తప్ప. ఆమె నావైపు చూసింది. నేను కళ్లు తిప్పుకోలేదు, తలా ఊపలేదు.

"ఆపండి" అంది. ముందు రష్యన్‌లో, వెంటనే మంగోల్‌లో. సాకెన్ కాలు గాల్లోనే ఉండిపోయింది.

"అది ఎవరి అలవాటూ కాదు. కజకులదీ కాదు, మంగోలులదీ కాదు. నేనే కల్పించాను." మళ్లీ అదే మాట రెండో భాషలో. "మా తాతకి ఎడమ కాలు లేదు." అది కూడా రెండు భాషల్లో.

ఎవరికీ నవ్వు రాలేదు. ఆర్తుర్ మొహంలో రంగులు మారాయి. "బూటు ఒక్కటేనా?"

"అన్నీ. వింటినారి కూడా. గుర్రం పేరు కూడా."

"నేను స్కూళ్లలో చెప్పాను మరాల్. పిల్లలకి నేర్పాను. ఎక్కడెక్కడి వాళ్లకో మా మంగోల్ అమ్మాయి చెప్పింది అని గొప్పగా చెప్పుకున్నాను. నన్ను ఇంత వెధవని చేస్తావా?"

"నువ్వు పుస్తకాల్లో లేనిది అడిగావన్నా!" ఆమె గొంతు పెరిగింది. "నేను పట్నంలో పెరిగాను. నాకు తెలిసిన మంగోలియా ఏంటో తెలుసా? స్కూల్లో ఇచ్చే పాలపొడి వాసన. చలికాలం కరెంటు పోతే అమ్మ దుప్పట్లన్నీ ఒకే మంచం మీద వేయడం. పక్కింటి లెక్కల సారు మోటారు సైకిలు స్టార్టు కాక తోయించుకోవడం. ఇవి చెబితే నీకు కావాలా? ఎవరికైనా కావాలా? జీవితంలో మొదటిసారి నన్ను మంగోల్ అని పిలిచి కుర్చీ వేశారు మీరు. ఖాళీ చేతులతో ఎలా కూర్చోను?"

ఆర్తుర్ కర్రను నేలకు గుచ్చి చెరువు వైపు నడిచి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, ఆమె మొహం చూడకుండా, "ఈ క్యాంపు వరకు మాటలు చెప్పు. తర్వాత రావద్దు" అన్నాడు.

దులంసురెన్‌కీ కోపం వచ్చింది. "టీవీకి పంపి ఉంటే మా ఊళ్లో నా మొహం ఏమయ్యేది? నీ యాస వినగానే అనుకున్నాను, ఉల్గీ కజక్ పిల్లవని. మంగోలువని వీళ్లకెందుకు చెప్పావ్?"

"నేను చెప్పలేదండీ. వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదు" అంది మరాల్. ఆ సాయంత్రం ఆ మాట నాతో మళ్లీ మళ్లీ అని, "చూశావా అక్కా, వీళ్లకి కజక్‌ని, మీకు మంగోల్‌ని. అమ్మ సరిగ్గానే చెప్పింది" అని గొణిగింది.

మర్నాటికి గొంబొ మంచం మీంచి లేవలేకపోయాడు. కర్కరలీ డాక్టరు వచ్చి సూది వేసి, కొన్ని వారాలు స్టీరింగు పట్టుకోవద్దని చెప్పాడు. దులంసురెన్‌కి డ్రైవింగ్ రాదు. ఆ వ్యాను అల్తాయ్ దాటి, ఉల్గీ మీదుగా హొవ్ద్‌కి ఎలా వెళ్లాలి? దులంసురెన్ చాలాసేపు వ్యాను చుట్టూ తిరిగి, చివరికి మరాల్ దగ్గరికొచ్చింది. కోపం పూర్తిగా తగ్గలేదని మొహమే చెబుతోంది.

"రొట్టెల బండి నడిపేదానివట కదా?"

"నడిపాను."

"ఇది నడుపుతావా?"

మరాల్ తాళాల కోసం చెయ్యి చాపింది.

వెళ్లేముందు తల్లికి ఫోను చేసింది. పక్కనే ఉన్నాను కాబట్టి ఇటువైపు మాటలే విన్నాను. "అమ్మా, ఉల్గీ వెళ్తున్నా... లేదు, ఉండిపోవడానికి కాదు... తెలీదమ్మా... లేదు, అబద్ధమని చెప్పేశాను... అందరి ముందే." చివరికి మరాల్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "స్వెటరు తీసుకెళ్లమంటోంది" అంది నాతో.

కొద్ది వారాల్లో వస్తుందనుకున్నాం. చలికాలం వచ్చింది, ఆమె రాలేదు. అప్పుడప్పుడు ఫోను. వాళ్ల పాత ఇంటి ముందు గది ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణమట. లెక్కల సారు బతికే ఉన్నాడట, ఆమెను గుర్తుపట్టలేదట. మూడు రోజులు ఊరంతా తిరిగి, నాలుగో రోజు మళ్లీ ఊపిరాడక ఊరి బయటకు వెళ్లి రోడ్డు పక్కన కూర్చుందట. అక్కడే కరగండ వైపు సామాను, మనుషుల్ని తీసుకెళ్లే బళ్లు వరసగా పోతుంటే లెక్కపెడుతూ ఉండిపోయిందట.

ఇక్కడ ఆర్తుర్ స్కూలు స్కూలుకీ వెళ్లి, బూటు తట్టడం తప్పు, అలాంటి ఆచారం లేదు అని చెప్పి వచ్చాడు. పిల్లలు శ్రద్ధగా విని, గుడారంలోకి వెళ్లేటప్పుడు మళ్లీ తట్టుకున్నారు. ఒక చిన్నపిల్ల అతన్నే నిలదీసిందట: "మరి చెడ్డగాలి లోపలికి రాదా?" ఆ సాయంత్రం అతను మా వర్క్‌షాపుకి వచ్చి, అంగీల బొత్తాలు లెక్కపెడుతున్నట్టు నటించి, చివరికి అడిగాడు.

"ఏమైనా ఫోను చేసిందా?"

"చేసింది. ఎందుకు?"

"ఊరికే" అన్నాడు. వెళ్లేవాడల్లా తలుపు దగ్గర ఆగాడు. "ఆ పాలపొడి సంగతి, కరెంటు సంగతి. అవి కూడా ఎక్కడా రాయలేదు గలియా ఎవరూ. నాకప్పుడు తట్టలేదు."

వసంతంలో ఒక శనివారం బాయిలర్ గది ముందు బురద పట్టిన పాత మినీబస్సు ఒకటి వచ్చి ఆగింది. దాని నిండా ఉన్ని మూటలు, మూటల మీద నిద్రపోతున్న మనుషులు. స్టీరింగు దగ్గర మరాల్. చిక్కిపోయింది, మొహం ఎండకి కాలి నల్లబడింది. దిగాలో వద్దో తెలియక ఇంజను ఆపకుండా కూర్చుంది. ఆర్తుర్ బయటికొచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని, బండిని చూశాడు.

"గేటుకి అడ్డంగా పెట్టావు. పక్కకి తియ్యి. తీసి లోపలికి రా, టీ చల్లారిపోతుంది."

ఉల్గీ బయట కూర్చుని లెక్కపెట్టిన అలాంటి బండి నడపడమే ఇప్పుడు ఆమె పని. కరగండ నుంచి ఉల్గీకి, ఉల్గీ నుంచి కరగండకు. ఉన్ని, మందులు, కుట్టు మిషన్లు, పెళ్లికెళ్లేవాళ్లు, చావుకెళ్లేవాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు. ఆమె మానకుండా చేసిన మొదటి పని ఇదే. ఊళ్లో ఉంటే శనివారం వస్తుంది, బాణం ఇప్పటికీ గోడ దాకా పోదు. ఆర్తుర్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉల్గీలో చలికాలం ఎలా గడిచేదని అడుగుతాడు. ఆమె తిరుగుతూనే చెబుతుంది. ఒకసారి తల్లిని కూడా బండిలో తీసుకెళ్లింది. సరిహద్దు దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఉప్పు తక్కువైందని కాబిరా మంగోల్ భాషలో కొట్టువాడితో పెద్ద గొడవ పెట్టుకుందట. బండిలోని వాళ్లంతా దిగొచ్చి చూశారని మరాల్ చెప్పింది.

కుదురుగా ఉందా అంటే లేదు. ఫోనులో ఇప్పటికీ ఆమె కాలు ఊపుతున్నట్టే వినపడుతుంది. ఉల్గీలో ఉంటే కరగండ గురించి, కరగండలో ఉంటే ఉల్గీ గురించి మాట్లాడుతుంది. దారిలో ఉన్నప్పుడు మాత్రం ఏ ఊరి గురించీ మాట్లాడదు. బ్రేకులు, మంచు, చక్రాల గొలుసులు, అంతే.

పోయిన వారం కొండ మీంచి ఫోను చేసింది. మంచు పడి కనుమ మూసేశారట. బండి నిండా జనం, దారి పక్క టీ కొట్టులో ఇరుక్కుపోయారు. వెనక ఎవరో పాడుతున్నారు, ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది.

"ఎప్పుడు తెరుస్తారు?" అన్నాను.

"ఏమో అక్కా. రేపంటున్నారు, ఎల్లుండంటున్నారు. నువ్వు కుట్టిన అంగీ ఈ చలికి చాలట్లేదు, లోపల గొర్రె తోలు వేసి ఇంకోటి కుట్టిపెట్టు. చేతులు మాత్రం పొడుగ్గా వద్దు, గేరు మార్చేటప్పుడు అడ్డమొస్తున్నాయి."

"కొలతలు అవేనా?"

"తెలీదక్కా, చిక్కానేమో. ఉండు, ఎవరో చక్రాల కింద ఇసుక పోస్తున్నారు. మళ్లీ చేస్తా" అని పెట్టేసింది. నేను గొర్రె తోలు కోసం బజారుకు బయలుదేరాను.